యథాస్థితికి అనుమతి

పులివెందుల,
18 జూన్ 1958.

తెల్లబండ బోర్డు పాఠశాల ప్రధానోపాధ్యాయినియు, ఆ పాఠశాలకు ఏకైక ఉపాధ్యాయినియు, క్రింద సంతకం చేసినవానికి ఏకైక అక్కగారును అగు శ్రీమతి సారమ్మగారి సముఖమునకు –

విషయం: ప్రాథమిక పాఠశాలలలో ఇంజనీరింగును ప్రవేశపెట్టుట.

ప్రొద్దుటూరులో మే నెలలో జరిగిన శిక్షణ శిబిరం విజయవంతమైనట్లు ప్రభుత్వానికి నివేదించడమైనది. ప్రత్తి గోడౌనులో ఉపాధ్యాయులు ఉక్కపోతకు సొమ్మసిల్లిన సంగతిని "శ్రద్ధగా కన్నులు మూసుకొని ఆలకించిరి" అని నమోదు చేశాను. రాజుపాలెం పంతులుగారు లేచి, "సార్, ఇంజనీరింగు మేం జెప్తే ఎక్కాలు ఎవురు జెప్తారు? ఇంజనీర్లొచ్చి జెప్తారా?" అని అడిగిన ప్రశ్న "ఉత్సాహభరితమైన చర్చ" అనే శీర్షిక క్రిందికి చేరింది. నీవు మూడవ వరుసలో కూర్చుని నన్ను "సార్" అని పిలిచినప్పుడు నాకు వచ్చిన దగ్గును మాత్రం ఏ శీర్షిక క్రిందా చేర్చలేదు.

పాఠశాలకొక పెట్టె చొప్పున పంపిస్తున్నాము. అందులో ఒక కప్పీ, ఒక తూకపుగుండు, ఒక రసమట్టం ఉంటాయి. రసమట్టంలో రసం ఉండదు. అది వచ్చే ఆర్థిక సంవత్సరంలో వస్తుంది. అంతవరకు ఊళ్లో దొరికే వస్తువులతో బరువు, ఆధారం, వంపు అనే మూడు పాఠాలు చెప్పగలవు. కాగితం జతపరిచాను.

నాన్న తాలూకా ఆఫీసులో నకలు గుమాస్తాగా ఉండి, బెల్లంముక్క కావాలన్నా మనచేత అర్జీ రాయించి, దానిమీద "పరిశీలనలో ఉన్నది" అని రాసి, చిలగడదుంపతో చెక్కిన ముద్ర వేసి ఇచ్చేవాడే, ఆ శిక్షణ ముందు మా శిక్షణ ఏపాటిది!

చిత్తగించవలెను.
ప్రేమానందం, బి.ఇ.

---

తెల్లబండ,
20 జూలై 1958.

ప్రియమైన తమ్ముడికి ప్రభువు నామమున అక్క దీవెనలు.

పెట్టె చేరింది. రసమట్టం గాజు పగిలింది కనుక వచ్చే సంవత్సరం రసం వచ్చినా పోయడానికి వీలుండదు. ఈ సంగతి పై అధికారులకు నెమ్మదిగా చెప్పు, దిగులు పడగలరు. నీ దగ్గు తగ్గిందా? హోటలు కూడు మాని, వంటకు ఎవరినైనా పెట్టుకో.

వంపు పాఠం నిన్న చెప్పాను. మన ఊళ్లో పుస్తకాలకు కొదవేమో గానీ బండకు కొదవ లేదు. గనిదగ్గర పారేసిన సన్నని నాపబండ ముక్క తెచ్చి, రెండు ఇటుకలమీద ఆనించి, పిల్లలచేత పలకలు ఒక్కొక్కటే మధ్యలో పేర్పించాను. బండ విరిగింది. బరువు పైన పెడితే కింది వైపు ఎందుకు పగిలిందని అడిగాను. హుమాయున్ అనే మూడో తరగతి పిల్లవాడు లేచి, "పైన మూసుకుంటాది, కింద సాగుతాది. బండకు సాగేది రాదు గదా పంతులమ్మా" అన్నాడు. నీ కాగితంలో ఒక పుట నిండా ఉన్నది అంతే కదా!

తర్వాత ఇంకొక ముక్క మీద ఇక్కడ మిద్దెలమీద పరిచే చౌడుమన్ను పోయించాను. బండ ఆగింది. ఆ మన్ను మీద నీళ్లు చల్లించాను. కొంతసేపటికి టిక్కుమని చప్పుడై, విరిగింది. పిల్లలు ఆ చప్పుడును మళ్లీ మళ్లీ వినాలన్నారు. ఊళ్లోని పగిలిన ముక్కలన్నీ తెచ్చి విరిచారు.

ఆ తర్వాత ఎవరూ చెప్పకుండానే పిల్లలందరూ తలలెత్తి మన బడి మిద్దె కప్పు బండలవైపు చూశారు. నల్లబల్ల పైనున్న బండకు కిందివైపు అడ్డంగా ఒక గీత ఉంది. నేను ఈ బడికి వచ్చినప్పటినుంచీ దాన్ని చూస్తూనే ఉన్నాను, బూజు అనుకున్నాను. ఇక్కడ ఏటేటా వానలకు ముందు మిద్దెమీద కొత్త చౌడు పరుస్తారు, పాతది దించరు. మిద్దెమీది మన్ను దించడం కొంప ఎత్తేసేవాళ్ల పని అని వీళ్ల నమ్మకం. తాత పోసిన దానిపైన తండ్రి, తండ్రి పోసిన దానిపైన కొడుకు పోశారు. బడి మిద్దెమీద ఇప్పుడు మోకాలి లోతు మన్నుంది.

ఒకసారి వచ్చి చూడు.

నీ అక్క,
సారమ్మ.

---

పులివెందుల,
10 ఆగస్టు 1958.

పూజ్యురాలైన అక్కగారికి –

విషయం: తమ వంపు పాఠము – హర్షము వెలిబుచ్చుట.

తమ లేఖలోని రెండవ, మూడవ, నాలుగవ పేరాలను త్రైమాసిక నివేదికలో అక్షరం పొల్లుపోకుండా చేర్చాను. పైకప్పునే బోధనోపకరణంగా వాడుకున్న తొలి పాఠశాల మీది. పై అధికారి "ఖర్చు లేని ఉపకరణము" అని నేను చేర్చిన మాట క్రింద ఎర్రసిరాతో గీత గీశాడు. ఈ పథకం పుట్టిన తర్వాత ఆయన గీసిన మొదటి గీత అదే. మిగతా పాఠశాలల నివేదికలు "పెట్టె భద్రముగా తాళము వేసి ఉంచబడినది" అన్న ఒక్క వాక్యంతో ముగుస్తున్నాయి.

హుమాయున్‌ను నేను మెచ్చుకున్నట్లు చెప్పు. కాలేజీలో నాకా సంగతి చెప్పడానికి ఒక ప్రొఫెసరు ఏడాది తీసుకున్నాడు.

చివర "ఒకసారి వచ్చి చూడు" అన్నావు. నీవు పదేళ్లుగా ప్రతి ఉత్తరం చివరా ఆ వాక్యమే రాస్తున్నావు, నేను దాన్ని ముగింపు వందనం కిందనే స్వీకరిస్తున్నాను. శిక్షణకు తప్ప తనిఖీకి జమ్మలమడుగు తాలూకా నా పరిధిలోనిది కాదు. ఆ తాలూకాలో అడుగుపెట్టాలంటే అక్కడి అధికారి అభ్యంతరం లేదని రాయాలి. ఆ అధికారి పదవి ఖాళీగా ఉంది, కనుక అభ్యంతరం లేదని చెప్పడానికి ఎవరూ లేరు. దసరా సెలవులలో తమ్ముడి హోదాలో, సంగటి హక్కుతో వస్తాను.

ప్రేమానందం.

---

తెల్లబండ,
8 సెప్టెంబరు 1958.

పులివెందులయందలి ఇంజనీరింగు బోధన శిక్షణాధికారివారి సముఖమునకు, తెల్లబండ బోర్డు పాఠశాల ఉపాధ్యాయిని సారమ్మ సమర్పించుకొను అర్జీ.

1. మా పాఠశాల పైకప్పులో నల్లబల్లపై నున్న బండకు గల గీత జూలైలో గోటితో తడిమితే తెలిసేది. ఇప్పుడు అందులో బలపం దూరుతున్నది.

2. ఈ కారణంచేత ఆగస్టు నెలాఖరునుండి తరగతులను ఆరుబయట వేపచెట్టు క్రింద నడుపుతున్నాను. పిల్లలకు వేరే బోధ అవసరం కాలేదు. వారు తామై లోపలికి రావడం మానుకున్నారు.

3. తనిఖీకి వచ్చిన సూపర్‌వైజరుగారు, గది ఉండగా చెట్టు క్రింద బడి నడపడం నిబంధనలకు విరుద్ధమని, పిల్లలు గదిలో లేనిచో వారిని హాజరైనట్లు లెక్కించజాలనని, అట్లైతే నా ఉద్యోగం కూడా లేనట్లేనని సెలవిచ్చినారు.

4. పంచాయతీ ప్రెసిడెంటు వలి బాషాగారు, "తాతల నాటి మిద్దె మా! పిల్లోళ్లకు బండలు పగలగొట్టేది నేర్పిచ్చి, ఇప్పుడు మిద్దె పగుల్తాదంటాండావు. ఆడదానికి బయం ఎక్కువ" అని నలుగురిలో అన్నారు.

5. గనిలో బండ మీదపడి మగనిని పోగొట్టుకున్న ఖమర్‌బీ అనే ఆమె, తన కూతురు మైమూన్‌ను బడికి పంపనన్నది. ఆ పిల్లకు ఆరేండ్లు. రోజూ చెట్టుకు ఎదురుగా తమ యింటి వాకిట్లో నిలబడి మా పాఠాలు వింటుంది.

6. నా మాట వినరు. ఇంజనీరు మాట వింటారు. కావున తాము స్వయంగా వచ్చి చూచుటకో, రాలేనిచో పైకప్పు స్థితి గురించి ఒక అభిప్రాయము వ్రాసి పంపుటకో ప్రార్థన.

తమ విధేయురాలు,
సారమ్మ.

---

పులివెందుల,
17 సెప్టెంబరు 1958.

ఉత్తరువు

చదువబడినది: తెల్లబండ బోర్డు పాఠశాల ఉపాధ్యాయిని అర్జీ, తేది 8–9–58.

1. అర్జీదారు విన్నవించిన పైకప్పు విషయమును ఈ కార్యాలయము క్షుణ్ణముగా పరిశీలించినది.

2. సదరు పైకప్పు తదుపరి ఉత్తరువులు వెలువడువరకు యథాస్థితిలో కొనసాగుటకు ఇందుమూలముగా అనుమతి ఇవ్వడమైనది.

3. సదరు పగులు తన ప్రస్తుత పరిధిని అతిక్రమించరాదని హెచ్చరించడమైనది.

4. విద్యార్థులు లోపల కూర్చుండి పైకప్పును గమనించుచుండవలెను. పైకప్పు కూడ విద్యార్థులను గమనించుచుండవలెను.

5. ఆలస్యమునకు బాధ్యులెవరో తెలియనందున చింతించనవసరము లేదు.

(ముద్ర)
పి. ప్రేమానందం, బి.ఇ.,
శిక్షణాధికారి.

---

తెల్లబండ,
29 సెప్టెంబరు 1958.

ప్రేమా,

నాది ఆట కాదు. నాన్నతో ఆడినట్లు ఆడానని ఎందుకనుకున్నావు? మామూలు ఉత్తరంలో రాస్తే నీవు దాన్ని నివేదికలో వేసుకున్నావు. అర్జీ రూపంలో రాస్తే ఆఫీసరుగా చదువుతావనుకున్నాను. నీవు తమ్ముడిగా చదివావు. తమ్ముడిగా చదవాల్సినప్పుడు ఆఫీసరుగా చదివావు.

నాన్న వేసింది దుంపముద్ర. నీవు వేసింది సర్కారు ముద్ర. మన ఊరికి వచ్చే టపా వలి బాషాగారి అంగడిలో దిగుతుంది. సర్కారు కవరు, పైన బడి పేరు, బడి ఊరిది, కనుక ఆయనే విప్పాడు. అంగడి ముందర పదిమందిని కూర్చోబెట్టి చదివాడు. నేను వెళ్లేసరికి మూడో అంశం మీద ఉన్నారు.

"పగులుకు గూడా నోటీసిచ్చినాడు సూడప్పా! ఇట్లాంటి ఆపీసరు ఉండల్ల."

"ఎవురనుకున్నావు? మన జమ్మలమడుగు పిల్లోడే. పంతులమ్మ తమ్ముడు."

"తమ్ముడే గట్టిగుండాదంటే అక్క ఎందుకు బయపడతాది?"

అది పరిహాసమని చెప్పాను. మా ఇంట్లో చిన్నప్పటినుంచీ ఇట్లా రాసుకుంటామని చెప్పాను. వలి బాషా కాగితాన్ని వెలుగుకు ఎత్తిపట్టి ముద్ర చూపించి, "ముద్రేసి యెవురన్నా ఎగతాళి జేస్తారా మా?" అన్నాడు. దీనికి జవాబు నీ దగ్గర ఉంటే రాసి పంపు.

అనుమతి వచ్చిందన్న సంతోషంలో ఆ ఆదివారమే ఊరివాళ్లు కూడబలుక్కొని బడి మిద్దెమీద బండ్లతో కొత్త చౌడు పోశారు. ప్రేమతోనే పోశారు. సూపర్‌వైజరుగారు ఉత్తరువు నకలు తీసుకొని, పిల్లలు సోమవారానికి లోపల ఉండాలన్నారు. ఉన్నారు. నల్లబల్లవైపు ఎవరినీ పోనివ్వక గోడలవారగా కూర్చోబెడుతున్నాను. టిక్కుమంటే పలకలు వదిలి పరిగెత్తాలని చెప్పాను. ఆ చప్పుడేదో వాళ్లకు తెలుసు.

ఖమర్‌బీ నిన్న వచ్చింది. వలి బాషా దగ్గర కాగితం అడిగి తెచ్చుకుని నాకు చూపించి, "ఇంజనీరు రాసినాడంట గదా. ఇంగ నాకు బయం ల్యా" అంది. నేను వద్దన్నాను. "నీ తమ్ముని మాట నువ్వే నమ్మవా పంతులమ్మా?" అని నవ్వింది. ఈ ఉదయం మైమూన్ బడిలో చేరింది.

ఇది అందిన వెంటనే "పిల్లలను బయటకు పంపండి" అని ఒక్క వాక్యం రాసి పంపు. ముద్ర వెయ్యి. నీవు రానక్కరలేదు.

సారమ్మ.

---

మకాం: ప్రొద్దుటూరు,
9 అక్టోబరు 1958.

అక్కగారి దివ్య సముఖమునకు –

విషయం: కీర్తి ప్రతిష్ఠలు – అందజేయుట.

గాంధీజయంతి ప్రదర్శన కోసం సెప్టెంబరు ఇరవై ఎనిమిదినుంచీ ఇక్కడే ఉన్నాను. పులివెందులకు వచ్చిన టపా అక్కడే బల్లమీద నిద్రపోతున్నది, నీ జాబేదైనా అందులో ఉంటే ఇంకా చూడలేదు. ఆలస్యానికి బాధ్యులు లేరు.

మా దుకాణంలో రెండు ఇటుకలు, ఒక నాపబండ, కొన్ని పలకలు పెట్టి, పైన "తెల్లబండ పద్ధతి" అని బోర్డు రాయించాను. బంగారు అంగళ్ల సేట్లు వచ్చి, బండమీద పలకలు పేర్చి, అది విరిగితే చప్పట్లు కొట్టి వెళుతున్నారు. పై అధికారి నీ పేర ప్రశంసాపత్రం మంజూరు చేశాడు. ఈ పద్ధతిని జిల్లా అంతటా ప్రవేశపెడతారట. బండలు మాత్రం ఇకపై టెండరు పిలిచి కొంటారు.

నీ అర్జీనీ, నా ఉత్తరువు చిత్తునూ రాత్రి భోజనాల దగ్గర మిత్రులకు చదివి వినిపించాను. విరగబడి నవ్వారు. తాలూకా ఆఫీసు ఉద్యోగి ఒకాయన మాత్రం నవ్వక, మొదటినుంచి చివరిదాకా రెండుసార్లు చదివి, "అంతా సక్రమంగా ఉంది గానీ ఫైలు నంబరు వేయలేదేం?" అన్నాడు. నాన్న బతికి ఉంటే ఆయనకు బెల్లం మంజూరు చేసేవాడు.

ఇక్కడ రెండురోజులుగా ముసురు. అక్కడా పడుతున్నదా? దసరాకు వస్తున్నాను.

ప్రేమానందం.

---

తెల్లబండ,
11 అక్టోబరు 1958.

ప్రేమా,

బుధవారం మధ్యాహ్నం బడి మిద్దె పడింది.

మంగళవారంనుంచి వాన. ఆ ఉదయం నేను బడికి సెలవని చెప్పాను. సూపర్‌వైజరుగారు జమ్మలమడుగులోనే ఉన్నారని, వస్తారని, ఉత్తరువు ఉండగా సెలవేమిటని ప్రెసిడెంటే పిల్లలను లోపలికి పంపించాడు. వానకు తడవకుండా ఉంటారని తల్లులూ సంతోషించారు.

టిక్కుమన్నది. పిల్లలు ఒక్కరు కూడా నావైపు చూడలేదు, నా మాటకోసం ఆగలేదు. పలకలు వదిలి వాకిలి దాటారు. హుమాయున్ ఇద్దరు చిన్నవాళ్లను రెక్క పట్టుకుని ఈడ్చుకుపోయాడు. నేను చెప్పిన పాఠాలన్నింటిలోకీ బాగా వచ్చిన పాఠం అదే.

మైమూన్ బండ విరగడం చూడలేదు. ఆ పాఠం అయిపోయాక చేరిన పిల్ల. పరిగెత్తమని నేను చెప్పిన మాట విన్నది గానీ, ఏ చప్పుడుకు పరిగెత్తాలో ఆమెకు తెలియదు. చప్పుడు ఎక్కడిదా అని పైకి చూసింది. నేను వెనక్కు పోయేలోగా మన్ను దిగింది. బండకంటే మన్ను ఎక్కువగా ఉంది. తడిమన్ను. ఊరంతా కలిసి తవ్వినా ఆ పిల్లను తీసేసరికి సాయంత్రమయింది.

నా కుడిచెయ్యి కట్టులో ఉంది. ఇది ఎడమచేతి రాత. చదవడం కష్టమైతే మళ్లీ రాయను.

సారమ్మ.

---

పులివెందుల,
15 అక్టోబరు 1958.

అక్కా,

నిన్న రాత్రి ప్రొద్దుటూరునుంచి వచ్చాను. బల్లమీద నీ ఉత్తరాలు రెండూ ఉన్నాయి. ముందు పదకొండో తేదీదే విప్పాను. తర్వాత సెప్టెంబరుది విప్పాను.

ఈ ఉదయం ఆఫీసుకు ఒక ఉత్తరువు వచ్చింది. తెల్లబండ పాఠశాల పైకప్పు పతనానికి గల కారణాలను విచారించి నివేదించడానికి, ఆ పైకప్పును ఇదివరకే క్షుణ్ణంగా పరిశీలించిన అధికారి అయినందున, నన్నే నియమించారు. జమ్మలమడుగు తాలూకాలో ప్రవేశించడానికి ప్రత్యేక అనుమతి ఇచ్చారు. దానికి ఫైలు నంబరు ఉంది. మూడుసార్లు చదివాను. ఎవరైనా పరిహాసానికి రాశారేమోనని చూశాను.

ఇరవైమూడో తేదీన వస్తాను. నేను రాసిన ఆ కాగితం ఇప్పుడు ఎవరి దగ్గర ఉంది? ఉంటే నీ దగ్గరకు తెచ్చిపెట్టుకో. ఆ పిల్ల తల్లికి ఏమి చెప్పాలో నాకు తెలియడం లేదు. నీవు చెప్పావా? ఏమని చెప్పావు?

ప్రేమ.

---

తెల్లబండ,
20 అక్టోబరు 1958.

ప్రేమా,

కాగితాన్ని తెచ్చిపెట్టుకోమన్నావు. దాచడానికో, చూపించడానికో నీవు రాయలేదు, నేనూ అడగను. ఏదైనా ఇక నావల్ల కాదు. అది ఖమర్‌బీ దగ్గర ఉంది. అడిగిన రోజునుంచీ ఆమె తిరిగి ఇవ్వలేదు. వలి బాషా రెండుసార్లు మనుషులను పంపాడు. సూపర్‌వైజరుగారు తన నకలు చింపేసి, అసలు కోసం ఆమె ఇంటికి స్వయంగా పోయి, ఎప్పుడూ లేనంత మర్యాదగా "అమ్మా" అని పిలిచారట. ఆమె తలుపు తీయలేదు.

మొన్న తనంతట తాను నా దగ్గరకు వచ్చింది. ఏడవలేదు. గుమ్మంలో కూర్చుని, కొంగులోనుంచి కాగితం తీసి, "ఇందులో మిద్దె గట్టిగుండాదని యాడ రాసినాడు పంతులమ్మా? యేలు పెట్టి సూపించు" అంది.

అట్లా ఎక్కడా లేదన్నాను.

"మరేమని రాసినాడు?"

నాకు తెలిసినంతవరకు చెప్పాను. మా నాయన సంగతి చెప్పాను. బెల్లం సంగతి చెప్పాను. నా తమ్ముడు ఇది మిద్దె గురించి రాయలేదని, నన్ను నవ్వించడానికి రాశాడని చెప్పాను.

"నగేదానికా?"

అవునన్నాను.

కాగితంవైపు చూసింది. ఆమెకు చదువు రాదు, ముద్రనే చూసి ఉంటుంది. తర్వాత నా ఎడమచేతిలో పెట్టి, "సదువు. యాడ నగల్లనో ఆడ నిలుపు" అంది.

చదివాను. పరిశీలించినది అన్నచోట నా ముఖం చూసింది. అనుమతి ఇవ్వడమైనది అన్నచోట చూసింది. పగులును హెచ్చరించినచోట ఆగుదామనుకున్నాను. అక్కడే కదా అంగట్లో అందరూ నిన్ను మెచ్చుకున్నది. ఆగలేకపోయాను. పిల్లలు లోపల కూర్చుండవలెను అన్నది చదివేటప్పుడు ఆమె పెదవులు నాతోబాటు కదిలాయి. ఆ వాక్యం ఆమెకు నోటికి వచ్చు. పైకప్పు పిల్లలను గమనించవలెను అన్నదీ చదివాను. నీ పేరు, డిగ్రీ కూడా చదివాను.

"అయిపాయనా?"

అయిపోయిందన్నాను.

"యాడా నిలపలేదే" అంది.

కాగితం అడిగి తీసుకుని, మడిచి, కొంగున ముడి వేసుకుంది. "మీ తమ్ముడొస్తాండాడంట గదా. రానీలే. రాసినోనికి తెలిసుంటాది" అంది.

ఇరవైమూడున బస్సు దిగగానే ఆమె ఇంటికి పో. నా దగ్గరకు తర్వాత రావచ్చు.

సారమ్మ.